ఎవరూ లేనప్పుడే పడనివ్వాలి



నాకు పందొమ్మిదేళ్లున్నప్పుడు మా మేనమామ మైక్ సెట్ వెంట ఊళ్లు తిరిగేవాణ్ణి. పెళ్లిళ్లు, నవమి పందిళ్లు, భజనలు, నాటకాలు. ఒక ఊళ్లో శ్రీరామనవమి పందిట్లో నాటకం కుదిరింది. మేం చేరేసరికి పొద్దువాలింది. స్పీకర్ బాక్సులు నేలమీద పెడితే వెనకవాళ్లకి వినపడదని రెండు బల్లలు వేసి, వాటిమీద నాలుగు బాక్సులు ఒకదానిమీద ఒకటి ఎత్తాం. జనం అప్పటికే చాపలు పరుచుకుని కూచున్నారు. సరిచూసుకునే వ్యవధి లేదు. పానకం పంచిన చోట నేల తడిసి మెత్తబడి ఉందని మాకు తెలియదు. నాటకం మొదలైన అరగంటకి ఒక బల్ల కాలు మెల్లగా దిగబడింది. పైబాక్సు పక్కకి ఒరిగి, దబ్బున కింద పడింది. అది పడిన చోట అంతకు నిమిషం ముందుదాకా ఇద్దరు పిల్లలు కూచుని ఉన్నారు. మంచినీళ్లకని వాళ్లమ్మ లేపి తీసుకెళ్లింది.

మామయ్య ఆ రాత్రంతా నోరు విప్పలేదు. తెల్లవారుజామున వైర్లు చుట్టుకుంటుంటే ఒక్కమాట అన్నాడు. "మధ్యాహ్నమే వచ్చి ఎత్తిపెట్టి ఉంటే, ఆ కాలు ఎవరూ లేనప్పుడే దిగబడేది కదరా."

ఆయన ఆ మాట అని ముప్పై ఏళ్లు దాటింది. పడేదేదో ఎవరూ లేనప్పుడే పడిపోవడానికని కట్టిన చోటు ఒకటి ఉందని ఆ తర్వాత చాలాకాలానికి తెలిసింది. అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రంలో, లిటిట్స్ అనే చిన్న ఊరి శివార్లలో ఉంది. పేరు రాక్ లిటిట్స్. ప్రపంచమంతా తిరిగే పెద్ద పెద్ద కచేరీలు రోడ్డెక్కే ముందు అక్కడ కట్టి చూసుకుంటారు, మోగించి చూసుకుంటారు, విప్పి చూసుకుంటారు. ఆ చోటు గురించే ఇవాళ మీతో మాట్లాడతాను.

లిటిట్స్ జనాభా తొమ్మిది వేల పైచిలుకు. మన లెక్కలో ఒక పెద్ద పంచాయతీ. లాంకాస్టర్ జిల్లాలో ఉంది. చుట్టూ మొక్కజొన్న చేలు, పాడిపశువుల కొట్టాలు. ఆమిష్ అనే క్రైస్తవ శాఖవాళ్లు ఎక్కువగా ఉండే ప్రాంతం. వాళ్లు కార్లు నడపరు, ఇళ్లకి ఊరి కరెంటు తీగ లాక్కోరు. గుర్రబ్బండ్ల మీద తిరుగుతారు. ఊరిని 1756లో మొరావియన్ అనే క్రైస్తవ శాఖవాళ్లు కట్టారు. యూరప్‌లో బొహీమియాలో తమ పూర్వీకులకి నీడ ఇచ్చిన చోటు పేరే దీనికీ పెట్టుకున్నారు. దాదాపు వందేళ్లపాటు తమ శాఖవాళ్లు తప్ప ఇంకెవరూ ఇక్కడ ఇల్లు కట్టుకోకూడదని నియమం పెట్టుకున్నారు. అటువంటి ఊరి పొలిమేరలో, 96 ఎకరాల్లో, రాక్ సంగీతానికి ఇంత ఏర్పాటు ఎందుకు వచ్చిందని ఎవరికైనా అనిపిస్తుంది. న్యూయార్క్ ఉంది, లాస్ ఏంజిలస్ ఉంది, సినిమావాళ్లు పాటలవాళ్లు అంతా అక్కడే ఉన్నారు. ఇక్కడికెందుకు?

దానికి జవాబు ఇద్దరు అన్నదమ్ములు. రాయ్ క్లెయిర్, జీన్ క్లెయిర్. లిటిట్స్ పిల్లలే. 1950లలో ఒక క్రిస్మస్‌కి ఇంట్లో వాళ్లకి మైకు, ఆంప్లిఫయర్, స్పీకర్లు కానుకగా వచ్చాయి. బళ్లో డాన్సులకి, ఊళ్లో సభలకి అద్దెకి తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అంటే మా మామయ్య చేసిన పనే. పెద్దవాళ్లవుతున్నకొద్దీ సొంతంగా బాక్సులు బిగించుకున్నారు. 1966లో పక్కనున్న లాంకాస్టర్ పట్నంలో, ఫ్రాంక్లిన్ అండ్ మార్షల్ కాలేజీలో, ఫోర్ సీజన్స్ అనే బృందం పాడింది. ఆ రోజుల్లో వాళ్ల గాయకుడు ఫ్రాంకీ వాలీ గొంతంటే దేశమంతా చెవికోసుకునేది. మైకు పని ఈ అన్నదమ్ములది. పాడినవాళ్లకి ఆ ధ్వని ఎంత నచ్చిందంటే, మాతోపాటు మిగతా ఊళ్లకీ రండని పిలిచారు.

ఆ పిలుపు ఎంత పెద్దదో తెలియాలంటే అంతకు ఏడాది ముందు జరిగింది చెప్పాలి. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో బీటిల్స్ పాడారు. వచ్చినవాళ్లు 55 వేలు దాటారు. వాళ్ల వెనక నిలబెట్టింది వందేసి వాట్ల ఆంప్లిఫయర్లు. పాట జనానికి చేరింది ఎక్కువగా బేస్‌బాల్ ఆటలో ఆటగాళ్ల పేర్లు పిలిచే స్టేడియం స్పీకర్లలోంచి. ఆడపిల్లల కేకల్లో ఎవరికీ ఏమీ వినపడలేదు. పాడేవాళ్లకి తమ గొంతే తమకి వినపడలేదు. అప్పట్లో ఏ ఊరికి వెళితే ఆ ఊళ్లో ఏముంటే దానితోనే సరిపెట్టుకోవడం. ఈ ఊళ్లో గొంతు గరగర, రేపటి ఊళ్లో కూత, ఎల్లుండి ఊళ్లో అసలు లేనే లేదు. పాటతోపాటు ఆ పాటకి తగిన మైక్ సెట్ కూడా లారీలో ఊరూరా తిరగాలన్న ఆలోచన అప్పటికి కొత్త. దాన్నే వృత్తి చేసుకున్న తొలివాళ్లలో క్లెయిర్ సోదరులు ముఖ్యులు. ఎల్విస్ ప్రెస్లీ 1970లలో ఊరూరా పాడినప్పుడూ వాళ్ల సామానే.

నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, వాళ్లు ఊరు విడవలేదు. అంత పేరొచ్చాక కూడా సామాను లిటిట్స్ నుంచే బయల్దేరేది, లిటిట్స్‌కే తిరిగొచ్చేది. పాడైన స్పీకర్ అక్కడే విప్పేవాళ్లు, కొత్త బాక్సు అక్కడే రంగేసేవాళ్లు. ఆ వెలుగు చూసి మరొకాయన వచ్చాడు. మైకేల్ టెయిట్. ఆస్ట్రేలియా మనిషి. ఇంగ్లండ్‌లో యెస్ అనే బృందానికి వాన్ నడుపుతూ మొదలుపెట్టి, వాళ్ల లైట్ల పని భుజాన వేసుకున్నాడు. ఎక్కడికక్కడ ఎత్తి నిలబెట్టి, పని కాగానే మడిచి లారీలో పెట్టుకునే దీపస్తంభాలు తయారుచేశాడు. 1978లో యెస్ బృందం కోసం హాలు నడిమధ్యన గుండ్రంగా తిరిగే వేదిక కట్టాడు. నాలుగు దిక్కులా జనం, మధ్యలో మెల్లగా తిరిగే పాటగాళ్లు. అదే ఏడాది లిటిట్స్‌లో టెయిట్ టవర్స్ అనే సంస్థ పెట్టాడు. ఎందుకక్కడ అంటే, మైక్ సెట్ అక్కడుంది కాబట్టి. తర్వాత వేదికల రూపకల్పన, తెరలు చేసే అటామిక్ సంస్థ వచ్చింది. వడ్రంగులు, వెల్డర్లు, కరెంటు పనివాళ్లు, రంగులవాళ్లు వచ్చారు. ఊరి పిల్లలు పని నేర్చుకున్నారు. ఒక ఇంటి పని వీధి పనయింది, వీధి పని ఊరి పేరయింది. ఏ ఊళ్లోనైనా చేతివృత్తి ఇట్లాగే పాతుకుంటుంది.

ఇంతలో కచేరీ రూపం మారిపోయింది. 2000 తర్వాత అమెరికాలో పాటల సీడీల అమ్మకం పడిపోవడం మొదలైంది. వినడం ఇంచుమించు ఉచితమైపోయేసరికి పాడేవాళ్లకి బతుకు తిరగడంలోనే మిగిలింది. టికెట్ ధర పెరిగింది. ఆ ధర పెట్టినవాడికి కంటికి కూడా ఏదో కావాలి. వేదిక పెరిగింది, పైకి లేచింది, కదిలింది, వెలిగింది. 2009 నుంచి 2011 దాకా యూటూ బృందం 110 కచేరీలు చేసింది. ఆ వేదికకి నాలుగు కాళ్లు, పంజా ఆకారం, సుమారు 50 మీటర్ల ఎత్తు. ధ్వని క్లెయిర్ వాళ్లది. అటువంటి ఉక్కు పంజాలు మూడు చేయించారు. ఎందుకంటే ఒక ఊళ్లో పాట జరుగుతుంటే రెండోది వచ్చే ఊళ్లో కడుతుండాలి, మూడోది గడిచిన ఊళ్లో విప్పుతుండాలి. అంత ఉక్కు కట్టడానికి రోజులు పడుతుంది మరి.

ఇంత పెద్దదాన్ని మొదటిసారి ఎక్కడ కట్టి చూసుకోవాలి? లిటిట్స్‌వాళ్లకి ఎదురైన చిక్కు ఇదే. వేదిక టెయిట్ షెడ్డులో తయారవుతుంది. స్పీకర్లు క్లెయిర్ గోదాములో ఉంటాయి. రెండూ కలిసేది ఎక్కడో వందల మైళ్ల అవతల, బాస్కెట్‌బాల్ ఆడే స్టేడియం నాలుగైదు రోజులు అద్దెకి తీసుకున్నప్పుడు. ఆ అద్దె గంటకింత చొప్పున నెత్తిమీద కూచుంటుంది. మొన్న ఆట, ఎల్లుండి ఇంకో ఆట, మధ్యలో మనకి ఇచ్చిందే వ్యవధి. అక్కడ ఒక కమ్మీ అంగుళం పొడుగొచ్చిందనుకోండి. దాన్ని కోసి తెచ్చేవాడు ఇక్కడ లిటిట్స్‌లో ఉన్నాడు. అది వెళ్లేసరికి రెండు రోజులు. మొదటి కచేరీకి మిగిలింది మూడు రోజులు. అప్పుడు జరిగేది మా నవమి పందిట్లో జరిగినదే. సరిచూసుకునే వ్యవధి లేదు, జనం వచ్చి కూచున్నారు, ఎత్తేయండి.

అందుకని 2014లో ఊరి పక్కనే రిహార్సల్ స్టూడియో కట్టారు. 52 వేల చదరపు అడుగులు, ఎకరం పైచిలుకు కప్పు. ఎత్తు వంద అడుగులు. ఇంచుమించు పది అంతస్తుల మేడ లోపల అంతస్తులు లేకుండా ఖాళీగా నిలబడిందని ఊహించుకోండి. బయటినుంచి చూస్తే కిటికీ లేని నల్లటి పెట్టె. అందం ఏమీ లేదు. లోపల పైన ఉక్కు గడ్డర్ల వరస, కింద చదునైన గచ్చు. ఉక్కు ఎక్కడైనా వేలాడదీయడానికి వీలుగా ఉండాలి, గచ్చు ఎంత బరువైనా మోయాలి, తలుపులు లారీ లోపలికొచ్చేటంత పెద్దవి ఉండాలి. 2017లో దాని పక్కన ఇంకో పెద్ద భవనం లేచింది. చిన్న చిన్న సంస్థలెన్నో అందులో చేరాయి. లైట్లవాళ్లు, తెరలవాళ్లు, బాణసంచావాళ్లు, పెట్టెలు చేసేవాళ్లు. 2018లో హోటల్ పెట్టారు. నెలల తరబడి ఉండే పనివాళ్లు నడిచి వెళ్లి పడుకోవచ్చు. ఇప్పుడు కమ్మీ అంగుళం పొడుగొస్తే రోడ్డు దాటితే చాలు.

ఇక ఆ పెట్టె లోపల ఏం జరుగుతుందో కాస్త దగ్గర్నుంచి చూద్దాం. నాకు దీన్ని గురించి ఎంత చెప్పినా తనివితీరదు.

మొదటిరోజు పొద్దున గచ్చు ఖాళీ. ఒకరిద్దరు మోకాళ్లమీద కూచుని, కొలతల కాగితం పక్కన పెట్టుకుని, సుద్దముక్కతో గుర్తులు పెడుతుంటారు. మన వాకిట్లో ముగ్గు చుక్కలు పెట్టినట్టు. ఒక్కొక్క చుక్క దగ్గర ఒక అంకె, ఒక బరువు రాస్తారు. సరిగ్గా ఆ చుక్కకి నిట్టనిలువునా పైన, వంద అడుగుల ఎత్తున, ఉక్కు గడ్డర్ మీద ఒక మనిషి నడుముకి తాడు కట్టుకుని కూచుని ఉంటాడు. వాళ్లని రిగ్గర్లంటారు. పైవాడు సన్నతాడు జారవిడుస్తాడు. కిందివాడు దానికి గొలుసు కొక్కెం కట్టి, "లాగు" అంటాడు. గొలుసు పైకి వెళ్లి గడ్డర్‌కి చుట్టిన ఉక్కుతాడుకి తగులుకుంటుంది. మోటారు మాత్రం కిందే ఉంటుంది.

ఇక్కడొక చిత్రముంది. బావి దగ్గర గిలక పైన ఉంటుంది, బక్కెట పైకొస్తుంది. ఇక్కడ గిలకే తాడు పట్టుకుని పైకెక్కుతుంది. గొలుసు కొస పైన బిగించి, మోటారుని బరువుకే కట్టి, మీట నొక్కితే ఆ మోటారు తన గొలుసుని తానే మింగుకుంటూ బరువుతోసహా లేస్తుంది. పైనున్న మనిషి బరువైన మోటారుని లాక్కోనక్కర్లేదు, గొలుసు లాక్కుంటే చాలు. ఎవరు మొదట ఆలోచించారో గాని, నడుం నొప్పి ఎరిగినవాడే అయ్యుంటాడు.

అట్లా పది, ఇరవై, ఒక్కోసారి వంద మోటార్లు. వాటికి అల్యూమినియం నిచ్చెనల్లాంటి ట్రస్‌లు కడతారు. ట్రస్‌కి లైట్లు, తెరలు, స్పీకర్లు. అన్నీ నడుమెత్తులో ఉన్నప్పుడే, చేతికందే ఎత్తులో ఉన్నప్పుడే, ఒక్కొక్క బోల్టూ తడిమి చూస్తారు. ప్రతి లైటుకీ దాన్ని పట్టుకునే బిగింపు కాక, విడిగా ఇంకో సన్నటి ఉక్కుతాడు ఉంటుంది. బిగింపు ఊడినా ఆ తాడుకి వేలాడుతుంది తప్ప కింద పడదు. ఆ తర్వాతే పైకి లేపుతారు. అన్ని మోటార్లూ ఒకే వేగంతో లేవాలి. పల్లకీ మోసే నలుగురిలో ఒకడు భుజం దించితే బరువంతా పక్కవాడి మీద పడుతుంది. వాడి భుజం దిగితే తర్వాతివాడి మీద. అందుకని ఏ గొలుసు మీద ఎంత బరువు పడుతోందో చూపే పరికరాలు పెట్టి, ఒక మనిషి ఆ అంకెలనే చూస్తూ కూచుంటాడు. కాగితం మీద రాసిన బరువుకీ, గొలుసు చెప్పే బరువుకీ తేడా ఉంటే ఆగిపోవాలి. తీగల బరువు కలపడం మరిచిపోయారేమో, వర్షం పడితే నీళ్లు నిలిచే గుడ్డ ఏదైనా ఉందేమో, అన్నీ ఇక్కడే బయటపడాలి.

వేదిక కింద లిఫ్టులుంటాయి. పాటగాడు కిందనుంచి లేస్తాడు. గాయని తాడుకి వేలాడుతూ, గాలిలో తేలుతూ జనం మీదుగా వస్తుంది. ఆ తాడుకి మొదట ఎక్కేది ఆవిడ కాదు, ఇసుక బస్తా. బస్తా ఎన్నోసార్లు పోయి వచ్చాక పనివాళ్లలో ఒకరు. ఆ తర్వాతే ఆవిడ. మధ్యదారిలో కావాలని ఎర్రమీట నొక్కి ఆపేస్తారు. ఎక్కడ ఆగింది, ఎంత ఊగింది, దింపడానికి ఎంతసేపు పట్టింది చూసుకుంటారు. ఇటువంటి యంత్రాల్లో చాలావాటికి మీట నొక్కి పట్టుకుంటేనే కదలిక. వేలు తీస్తే ఆగిపోతుంది. నడిపేవాడికి కళ్లు తిరిగి పడిపోయినా పైనున్న మనిషి క్షేమం. దాన్ని చేసినవాడి మనసులో ముందున్నది మనిషి.

రాత్రిళ్లు లైట్లవాళ్లవి. చీకట్లో రెండు మూడు మేజాబల్లలు, వాటిమీద తెరల నీలివెలుగు, చల్లారిపోయిన కాఫీ కప్పులు. పాటలో ఏ మాట దగ్గర ఏ లైటు ఎటు తిరగాలి, ఏ రంగు, ఎంత తొందర, అన్నీ ఒక్కొక్కటే నమోదు చేస్తారు. మూడు నిమిషాల పాటకి ఒక రాత్రంతా పట్టినా ఆశ్చర్యం లేదు. పాడేవాళ్లు అప్పటికి ఊళ్లోకే రాలేదు. రికార్డు వేసుకుని పనిచేస్తారు. అదే పాట ఎన్ని వందలసార్లు వింటారో వాళ్లకే తెలియాలి.

ధ్వని సంగతి నాకు మరీ దగ్గరిది. చెరువు అవతలి గట్టున బట్టలుతుకుతుంటే చూసే ఉంటారు. గుడ్డ బండని తాకడం ముందు కనబడుతుంది, చప్పుడు ఆ తర్వాత వస్తుంది. గాలిలో ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లే నడుస్తుంది. స్టేడియంలో వంద మీటర్ల వెనకున్నవాడికి పాట దాదాపు సెకనులో మూడోవంతు ఆలస్యంగా చేరుతుంది. వాడి దగ్గర ఇంకో స్పీకర్ స్తంభం పెట్టారనుకోండి, తీగలో వచ్చిన పాట ముందు మోగి, వేదిక నుంచి గాలిలో వచ్చిన పాట వెనక మోగి, ఒక మాట రెండుసార్లు వినపడుతుంది. అందుకని ఆ స్తంభాన్ని కావాలని ఆ కాస్తసేపు ఆపి మోగిస్తారు. రెండు పాటలూ కలిసి ఒక్కటిగా వచ్చి చెవిలో పడతాయి. ఖాళీ హాల్లో ధ్వని ఒకలా ఉంటుంది, జనం నిండాక మరోలా ఉంటుంది. మనుషుల ఒళ్లు, బట్టలు ధ్వనిని తాగేస్తాయి. ఆ మార్పు ఎంతుంటుందో అనుభవంతో ఊహించి ముందే లెక్కేసుకోవడం ఈ పనిలో పాండిత్యం. పాడేవాళ్ల చెవుల్లో ఇప్పుడు చిన్న స్పీకర్లుంటాయి. ఎవరికి ఏ వాద్యం ఎంత వినపడాలో వాళ్లు చెబితే, దాన్నిబట్టి కలిపి ఇచ్చే మనిషి వేదిక పక్కనే ఉంటాడు. షే స్టేడియంలో తమ గొంతు తమకే వినపడకుండా పాడిన ఆ నలుగురు బీటిల్స్‌నీ తలుచుకుంటే, ఈ పక్కన నిలబడ్డ మనిషి మీద నాకు గౌరవం పెరుగుతుంది.

ఇదంతా ఖర్చుతో కూడిన ముచ్చట అనుకునేవాళ్లకి రెండు సంగతులు చెప్పాలి. 2011 ఆగస్టు 13న ఇండియానా రాష్ట్ర ఎగ్జిబిషన్‌లో షుగర్‌లాండ్ బృందం పాటకి జనం ఎదురుచూస్తున్నారు. గాలివాన ముందు వచ్చే ఈదురుగాలికి వేదిక పైకప్పు, లైట్లతోసహా, జనం మీద కూలింది. ఏడుగురు చనిపోయారు. పదులకొద్దీ గాయపడ్డారు. మరుసటేడు 2012 జూన్ 16న కెనడాలోని టొరంటోలో రేడియోహెడ్ కచేరీకి ఇంకా జనాన్ని లోపలికి వదలలేదు. మధ్యాహ్నం వేదిక కప్పు కూలింది. గాలి లేదు, వాన లేదు. డ్రమ్ములు సరిచేస్తున్న టెక్నీషియన్ ఒకాయన ప్రాణం పోయింది. జనం రాకముందే పనిలో ఉండేది ఇటువంటి పనివాళ్లే కదా. ఏది పడినా ముందు పడేది వీళ్ల మీదే. ఇండియానా దుర్ఘటన తర్వాత ఈ రంగంలోవాళ్లు ఈవెంట్ సేఫ్టీ అలయన్స్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ సంఘం తన సదస్సులు రాక్ లిటిట్స్‌లోనే పెట్టింది. గాలి ఎంత వేగం దాటితే కప్పు దించాలి, ఎవరు ఆపమంటే ఆట ఆగాలి, ఆ మాట చెప్పే అధికారం ఎవరిది, ఇవి అక్కడ మాట్లాడుకునే సంగతులు. ఆ చివరి ప్రశ్న చాలా పెద్దది. మా నవమి పందిట్లో "ఇప్పుడొద్దు, ఆగండి" అనే అధికారం మా మామయ్యకి లేదు. ఊరి పెద్దలది ఆ మాట. జనం కూచున్నాక ఏ ఊళ్లోనూ ఆ మాట ఎవరూ అనలేరు. అందుకే జనం లేని చోట ఆ మాట అనే అవకాశం ఉండాలి.

ఇటువంటి చోటు లిటిట్స్ ఒక్కటే కాదు. ఇంగ్లండ్‌లో వేక్‌ఫీల్డ్ దగ్గర సౌత్ కర్క్‌బీలో ప్రొడక్షన్ పార్క్ ఉంది. అది బొగ్గు గనుల ఊరు. గని 1988లో మూతపడింది. ఇప్పుడక్కడ వేదికలు కడతారు, రిహార్సళ్లు చేస్తారు, ఈ పనులు నేర్పే చదువు కూడా చెబుతారు. తండ్రి గనిలో దిగిన ఊళ్లో కొడుకు ట్రస్ మీదికెక్కుతున్నాడు. అది నాకు సంతోషం కలిగించిన మార్పు.

2020 మార్చిలో కోవిడ్‌తో ప్రపంచమంతటా కచేరీలు ఒక్కసారిగా ఆగిపోయినప్పుడు, ఈ ఊళ్లకి తగిలిన దెబ్బ సామాన్యం కాదు. పాటగాడు ఇంట్లో కూచుని ఫోనులో పాడొచ్చు. గొలుసు లాగేవాడు ఇంట్లో కూచుని ఏం లాగుతాడు? చేతిలో ఇరవై ఏళ్ల పనితనం ఉన్నవాళ్లు వేరే పనులకి వెళ్లిపోయారు. కచేరీలు తిరిగి మొదలయ్యాక మనుషులు దొరక్క ఇబ్బంది పడ్డారు. భవనం ఎక్కడికీ పోదు, కొత్త లైటు డబ్బిస్తే వస్తుంది. గొలుసు చప్పుడు విని "ఇది సరిగా లేదు" అని చెప్పే చెవిని మాత్రం ఏళ్లు పడితే గాని తయారుచేసుకోలేం.

లిటిట్స్‌లో ఆ చెవి ఈనాటిది కాదు. 1765లో డేవిడ్ టానెన్‌బర్గ్ అనే మొరావియన్ వడ్రంగి వచ్చి అక్కడ స్థిరపడ్డాడు. చర్చిల్లో వాయించే పెద్ద ఆర్గన్లు చేసేవాడు. వందల గొట్టాలు, తోలుతిత్తులు, మీటలు, అన్నీ చేత్తో చేసినవే. ఒక్క ఆర్గన్ గది ఎత్తున ఉంటుంది. ఆయన జీవితంలో నలభైకి పైగా చేశాడు. 1804లో యార్క్ అనే పట్నంలో చర్చికి ఆర్గన్ బిగించే పని మీద ఉండగానే చనిపోయాడు. పెన్సిల్వేనియాలోనే నజరెత్ అనే ఇంకో మొరావియన్ ఊళ్లో తర్వాత మార్టిన్ గిటార్ల తయారీ స్థిరపడింది. పాటని ప్రార్థనలో భాగం చేసుకున్నవాళ్లు మొరావియన్లు. వాద్యం చేసే చేతికి ఆ ఊళ్లలో గౌరవం ఉంది.

రిహార్సల్ చివరిరోజు సంగతి చెప్పి ముగిస్తాను. అన్నీ కుదిరాక, పాట మొదటినుంచి చివరిదాకా ఆగకుండా పోయాక, అంతా విప్పుతారు. ఈ విప్పడం కూడా అభ్యాసమే. రేపటినుంచి రాత్రి పదకొండింటికి పాట అయితే, తెల్లవారేలోగా లారీలు కదలాలి. పెట్టెలన్నిటికీ చక్రాలుంటాయి. లారీ వెడల్పుకి సరిగ్గా సరిపోయేలా కొలిచి చేసినవి. ఒక్కో విభాగానికి ఒక్కో రంగు పట్టీ. రేపు ముందు కావలసినది ఇవాళ చివర ఎక్కాలి. గొలుసులు, మోటార్లు అన్నిటికంటే చివర ఎక్కుతాయి, అన్నిటికంటే ముందు దిగుతాయి. ఎవరో ఒకరు తలుపు దగ్గర నిలబడి కాగితం మీద టిక్కు పెట్టుకుంటూ ఉంటారు. లారీ తర్వాత లారీ. ఖాళీ అయిన గచ్చు తుడిస్తే సుద్ద చుక్కలు పోతాయి. లారీలు చేల మధ్య రోడ్డు పట్టుకుని వెళ్లిపోతాయి, ఏ గుర్రబ్బండి అయినా ముందుంటే దాని వెనకే నెమ్మదిగా.

అదే ఊరి నుంచి 1800లో కూడా ఒక సరంజామా దక్షిణంగా బయల్దేరింది. టానెన్‌బర్గ్ చేసిన ఆర్గన్, భాగాలు భాగాలుగా, గుర్రాలు లాగే బండ్లలో, వందల మైళ్ల దూరంలో నార్త్ కరొలైనాలోని సేలం అనే ఊరికి వెళ్లింది. ముసలాయన వెళ్లలేకపోయాడు. అల్లుడు ఫిలిప్ బాక్‌మన్ వెంట వెళ్లి అక్కడ బిగించాడు. ఆ చర్చిలో అది నూరేళ్లకి పైగా మోగింది. 1910లో విప్పేశారు. ఆ ముక్కలు దశాబ్దాలపాటు మూలన పడి ఉన్నాయి. తర్వాత వాటిని బయటికి తీసి, శుభ్రం చేసి, మళ్లీ కూర్చారు. 2004లో ఆ ఆర్గన్ తిరిగి మోగింది.